మావయ్యగారు కొలిచిన వేగం

మా మావయ్యగారు టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఆయన ఎక్కని స్తంభం లేదని మా అత్తయ్యగారు ఇప్పటికీ చెబుతారు. రిటైరైన తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంచుకున్నారాయన. దాంట్లో మాట్లాడేవాళ్ళెవరూ లేరు. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, రిసీవరెత్తి, టోన్ విని, తృప్తిగా తలూపి పెట్టేసేవారు. ఒకనాడు ఆ టోన్ రాలేదు. మా వీధిలో పాత తీగలన్నీ తీసేశారని తర్వాత తెలిసింది. ఆ ఫోను డబ్బాను మావయ్యగారే గోడ మీంచి విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు.

అప్పటినుంచి ఆయనకు ఇంట్లో తీగలేని వస్తువంటే పడేది కాదు. మా ఇంటి నిండా అవే. మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తారు. నేను వాటిని ఇంట్లో కూర్చుని ఎడిట్ చేస్తాను. కింద వీధి గది నా ఎడిటింగ్ గది. మేడ మీద మా ఆయన గదిలో పెద్ద స్టోరేజి పెట్టె ఒకటుంటుంది. తీసుకొచ్చిన వీడియోలన్నీ ఆయన ముందు దాంట్లో వేస్తారు. నేను కిందనుంచి వాటిని నా కంప్యూటర్లోకి లాక్కుంటాను. ఆ లాగడమే ఆలస్యం. ఒక పెళ్ళి మొత్తం కిందికి దిగాలంటే పూట పట్టేది. నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాణ్ణి పిలిస్తే, ఫోన్లో స్పీడు చూపించి, "బ్రహ్మాండంగా ఉందండీ మేడమ్" అని వెళ్ళిపోయాడు. అతని తప్పేం లేదు. బయటినుంచి ఇంట్లోకి వచ్చే వేగం వేరు, ఇంట్లోనే ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు వెళ్ళే వేగం వేరు. ఆ సంగతి అప్పటికి నేనూ సరిగా ఆలోచించలేదు. మన ఇంటి నెట్ ఇంతే కాబోలు అని సరిపెట్టుకున్నాను.

ఇలా ఉండగా మా ఊళ్ళో తివాచీలు నేయించే ఒక మాస్టారి అమ్మాయి నిఖా వచ్చింది. నిఖా శనివారం ఏలూరులో. సోమవారం మధ్యాహ్నం పెళ్ళికొడుకు వాళ్ళు తాడేపల్లిగూడెంలో ఇచ్చే విందు, వలీమా. శనివారం సాయంత్రం ఫంక్షన్ హాల్లో అంతా సర్దుకుంటుంటే మాస్టారు నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఒక్క సాయం చేసిపెట్టాలండీ. మా అమ్మకి మోకాలి ఆపరేషనై పది రోజులైంది. ఈ మేడ ఎక్కలేక ఇవాళ రాలేకపోయింది. మనవరాలి నిఖా చూడలేదని పొద్దుట్నించీ ఒకటే బెంగ. సోమవారం కారులో పడుకోబెట్టైనా గూడెం తీసుకెళ్తున్నాం. అక్కడ తెర మీద ఓ పావుగంట చూపించగలరా?"

పావుగంట సినిమా అంటే ఆయనకు చిన్న మాట. మామూలుగా నాకు పది రోజుల పని. కానీ ఆయన ముఖం చూస్తే కాదనే మాట నోటికి రాలేదు. "అలాగేనండీ, తెస్తాను" అనేశాను. మా ఆయన నావైపు ఓ చూపు చూసి కెమెరా సర్దుకున్నారు.

ఆదివారం తెల్లారగట్లే ఆయన జంగారెడ్డిగూడెంలో ఇంకో పెళ్ళికి బయలుదేరారు. వెళ్తూ వెళ్తూ వీడియోలన్నీ స్టోరేజి పెట్టెలో వేసి, కార్డులు ఖాళీ చేసుకుని, బయటి డిస్కు కూడా బ్యాగులో వేసుకుని వెళ్ళారు. నేను స్నానం చేసి ఎనిమిదింటికి కూర్చుని కాపీ కొట్టాను. తెర మీద వచ్చింది: ఇంకా ఆరు గంటలు.

ఆరు గంటలంటే మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పుడు మొదలుపెడితే నిఖా ఎప్పుడు చూస్తాను, ఎప్పుడు కోస్తాను, ఎప్పుడు కలుపుతాను? నా కంప్యూటర్నే మేడ మీదికి మోసుకెళ్దామా అనుకున్నాను. నా నడుమూ, మావయ్యగారి మోకాళ్ళూ గుర్తొచ్చి మానుకున్నాను. కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

మావయ్యగారు పేపరు చదువుతూ గుమ్మంలోంచి చూశారు.

"ఏంటమ్మా, అలా ఉన్నావు?"

చెప్పాను. చెబుతూ ఉంటే నాకే ఏడుపొచ్చేలా ఉంది. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు.

"లైను కొలిచావా?"

"లైనేంటి మావయ్యగారూ?"

"పైనుంచి కిందికి వచ్చేది ఏదైనా లైనే కదమ్మా. ఎక్కడ తగ్గుతోందో కొలవకుండా ఏడిస్తే ఎలా?"

కొలవడానికి ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. రెండు కంప్యూటర్లలో పెడితే, బయటి నెట్‌తో సంబంధం లేకుండా, ఒకదాన్నుంచి రెండోదానికి ఉత్తినే డేటా తోసి, సెకనుకు ఎంత వెళ్ళిందో అంకె చెబుతుంది. కాలేజీ రోజుల్లో ల్యాబులో వాడాను, తర్వాత మర్చిపోయాను. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. ఆ పెట్టెలోనూ, దీంట్లోనూ ప్రోగ్రాము వేసి మొదలుపెట్టాను.

ముందు వైఫై. నేను ల్యాప్‌టాప్ చేతుల్లో పట్టుకుని గది గదికీ తిరిగాను. మావయ్యగారు అత్తయ్యగారి ముగ్గు గిన్నెలోంచి సుద్దముక్క తెచ్చుకుని నా వెనకాలే వచ్చారు. నేను అంకె చెప్పగానే ఆ గది ద్వారబంధం మీద రాసేస్తున్నారు. హాల్లో మూడొందల పది. వంటింట్లో నూట ఎనభై. పడకగదిలో ఇనప బీరువా పక్కన నిలబడితే ఇరవై రెండు.

"బీరువా అడ్డం" అన్నారాయన. అని బీరువా తలుపు మీద కూడా రాశారు.

"ఏవండీ, మొన్ననే రంగు వేయించాం!" అని అత్తయ్యగారు వంటింట్లోంచి కేకేశారు.

"చెరిగిపోద్దిలేవే. కొలత ముఖ్యం."

నా ఎడిటింగ్ కంప్యూటరుకు మాత్రం వైఫై కాదు, తీగే. మేడ మీదనుంచి మెట్ల గోడ వెంట దిగి వస్తుంది. అక్కడ కొలిచాను. తొంభై నాలుగు వచ్చింది. మళ్ళీ కొలిచాను. తొంభై నాలుగు. మూడోసారీ అదే.

అప్పుడు మావయ్యగారి ముఖంలో ఒక మార్పు వచ్చింది. నేను కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళైనా ఆ ముఖం చూడలేదు. స్తంభం కింద నిలబడి పైకి చూసే మనిషి ముఖం అది అయ్యుండాలి.

"గాలైతే ఊగుద్దమ్మా. హాల్లో మూడొందల పదన్నావు, రెండోసారి చూస్తే రెండొందల ఎనభై అన్నావు. ఇది అస్సలు ఊగట్లేదు. మూడుసార్లూ ఒకటే అంకె. ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగింది. ఆ తీగలో ఎన్ని పోగులున్నాయి?"

"ఎనిమిదండీ. రెండేసి చొప్పున నాలుగు జతలు."

"నాలుగూ ఉండితీరాలా?"

అప్పటికి నాకూ వెలిగింది. నాలుగు జతలూ బాగుంటే వెయ్యి దాకా వెళ్ళాలి. ఏ ఒక్క జత పోయినా తీగ ఆగిపోదు. వంద దగ్గర సర్దుకుని, ఏమీ తెలియనట్టు పని చేస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు.

"అయితే కుంటుతోంది. పద, కాలెక్కడ విరిగిందో చూద్దాం" అన్నారు మావయ్యగారు.

ముందు పెట్టె తప్పు కాదని తేల్చుకోవాలన్నారు. ల్యాప్‌టాప్ మేడ మీదికి తీసుకెళ్ళి, మూర పొడవు తీగతో నేరుగా పెట్టెకే తగిలించి కొలిచాను. తొమ్మిదొందల నలభై. నేను గట్టిగా అరిచాను. కిందనుంచి అత్తయ్యగారు ఏమైందోనని మెట్లెక్కి వచ్చేశారు.

ఇక తీగే దోషి. మావయ్యగారు మెట్ల గోడ పక్కన వంగి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య తీగను పట్టుకుని, మెట్టు మెట్టుకీ దిగుతూ వచ్చారు. కళ్ళు మూసుకున్నారు. తొమ్మిదో మెట్టు దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ."

అక్కడ క్యాలెండరు వేలాడుతోంది. క్యాలెండరు తీసి చూస్తే మేకు. మేకు సరిగ్గా తీగ మీంచి గోడలోకి దిగింది. కొట్టింది మా ఆయనే. కిందటేడు జనవరిలో, గోడకు పక్కా చోటు చూసి మరీ కొట్టారు.

అత్తయ్యగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మావయ్యగారు నవ్వలేదు. "వాడికి చిన్నప్పట్నించీ సుత్తి ఇవ్వొద్దంటే విన్నారా ఎవరైనా" అన్నారు, చాలా సంతోషంగా.

మా ఆయన గదిలో కొత్త తీగ చుట్ట ఒకటుంది. దాన్ని మేడ మీది కిటికీలోంచి కిందికి వదిలి, వీధి గది కిటికీలోంచి లోపలికి లాగాం. రెండు చివరలా ప్లగ్గులు వేయాలి. ఎనిమిది పోగుల్నీ ఒక వరుసలో పెట్టి నొక్కాలి. నేను ఫోన్లో చూసి వరుస చదివాను. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం.

"ఇదేం వరుసమ్మా! మాకు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాం" అని గొణుక్కుంటూనే, కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, పోగులు విప్పి, దువ్వినట్టు సాఫు చేసి, వరుస పెట్టేశారు. డెబ్బై దాటిన ఆ వేళ్ళు ఒక్కసారైనా వణకలేదు.

ప్లగ్గు పెట్టాను. కొలిచాను. తొమ్మిదొందల నలభై ఒకటి.

"రాయండి మావయ్యగారూ!" అన్నాను.

ఆయన నా గది గుమ్మం మీద బారెడంత అంకెలతో రాశారు. ఈసారి అత్తయ్యగారే ఇంకో సుద్దముక్క అందించారు. ఆరు గంటలన్న కాపీ నలభై నిమిషాల్లోపే అయిపోయింది. ఇంకా పదకొండు కూడా కాలేదు. మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, భజంత్రీల మోతలో సగమే వినబడినట్టుంది. "మేకా? ఏం మేక?" అని అడిగారు.

ఆ రోజంతా నా జీవితంలో ఎప్పుడూ చేయనంత ఇష్టంగా పని చేశాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సినిమా తయారైంది.

సోమవారం నేనూ మావయ్యగారూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. నేను రమ్మనలేదు. ఆయనే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "మన లైను మీద వెళ్ళిన సరుకు కదా, అందిందో లేదో చూడాలి" అన్నారు.

హాల్లో మాస్టారి తల్లిని తెరకు ఎదురుగా, కాలు చాపుకునేలా కుర్చీలు జతచేసి కూర్చోబెట్టారు. దీపాలార్పారు. మనవరాలు తెర మీదికి వచ్చింది. ఆవిడ కాసేపు కళ్ళు తుడుచుకుంటూ చూశారు. తర్వాత ఒక్కసారిగా ముందుకు వంగి, కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

"ఒరే, పిల్ల కింద పరిచింది నా తివాచీయేనా?"

"నీదేనమ్మా. నీకు చెప్పకుండా తీసుకెళ్ళాం."

పెళ్ళికూతురు కూర్చున్న ఎర్ర తివాచీ ఆవిడ వయసులో ఉన్నప్పుడు తన చేత్తో నేసిందట. ఆ సంగతి నాకు తెలీదు. రంగు బాగుందని, అంచు పువ్వులు కనబడే ముక్కలు రెండు మూడుచోట్ల ఉంచానంతే. ఆవిడ పక్కనున్న వియ్యపురాలికి వేలు పెట్టి చూపిస్తూ, "అదిగో, ఆ మూల పువ్వు కొంచెం వంకర పోయిందండీ. ఆవేళ వీడు కడుపులో తంతున్నాడు" అన్నారు. వియ్యపురాలు పగలబడి నవ్వారు. సినిమా మూడుసార్లు వేయించారు. మావయ్యగారు మూడుసార్లూ చూశారు. మూడోసారి మాత్రం తెరను చూడలేదు, చూసేవాళ్ళను చూశారు.

ఆ కబురు మా బంధువుల్లో పాకింది. నెల తిరక్కుండా మా అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యకు కొల్లేటికోట దగ్గర చేపల చెరువులున్నాయి. చెరువుకు ఈ గట్టున ఇల్లు, ఆ గట్టున మేత షెడ్డు. షెడ్డులో కెమెరా పెట్టించి, ఇంట్లో కూర్చుని చూద్దామని రెండు గట్ల మీదా రెండు స్తంభాలు పాతించి, ఎదురెదురుగా చిన్న డిష్షులు బిగించుకున్నాడు. పొద్దున్న బాగానే వస్తుందట. తొమ్మిది దాటాక బొమ్మ ఆగిపోతుందట.

"మీ మావగారిని ఓసారి తీసుకురాగలవా?" అన్నాడు.

నేను అడగబోయేలోపే, ఫోన్లో మాట విన్న మావయ్యగారు సంచీ సర్దుకుంటున్నారు.

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరి ఎనిమిదింటికల్లా చెరువు దగ్గరున్నాం. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద తేలుతున్నాయి. ల్యాప్‌టాప్‌తో నేను ఇంటి గట్టున కూర్చున్నాను. మావయ్యగారు అన్నయ్యతో పడవలో అటు గట్టుకు వెళ్ళి, అన్నయ్య ల్యాప్‌టాప్‌ను షెడ్డులో తగిలించి, స్తంభానికి ఎదురుగా నులకమంచం వేయించుకుని కూర్చున్నారు. ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకున్నాం.

"ఎంతమ్మా?"

"ఎనభై రెండండీ. ఎనభై. ఎనభై మూడు."

"ఊగుతోంది. గాలి లక్షణం. మంచిదే."

గంటసేపు అంతే. ఎండెక్కింది. ఉన్నట్టుండి అంకె జారిపోయింది.

"మావయ్యగారూ, పడిపోయింది! నాలుగు!"

అవతలనుంచి చిన్నగా నవ్వు వినిపించింది.

"మావయ్యగారూ?"

"నీటికాకి వచ్చిందమ్మా. డిష్షు మీద కూర్చుంది."

నీటికాకి నీళ్ళలో మునిగి చేపలు పడుతుంది. కడుపు నిండాక ఎక్కడో ఒకచోట ఎక్కి, తడిసిన రెక్కలు బార్లా చాపి ఎండలో ఆరబెట్టుకుంటుంది. చెరువు మొత్తానికి ఎత్తయిన చోటు ఆ డిష్షే. ఒక రెక్క సరిగ్గా డిష్షు ముఖానికి అడ్డంగా వేలాడుతోందట.

"ఇప్పుడెంత?"

"మూడండీ."

ఆయన చప్పట్లు కొట్టిన చప్పుడు నాకు ఫోన్లోనూ వినబడింది, ఒక క్షణం ఆగి నీళ్ళ మీంచీ వినబడింది.

"ఎనభై ఒకటి!"

"ఎగిరిపోయింది. ఉండు, మళ్ళీ వస్తోంది. వచ్చింది. ఎంత?"

"ఐదు!"

అలా ఆరేడుసార్లు జరిగింది. చివరికి ఇద్దరం మాట్లాడలేనంత నవ్వుకున్నాం. అన్నయ్య అయితే గట్టు మీదే చతికిలబడ్డాడు. వేల రూపాయల సామాను తెప్పించి, కంపెనీ వాళ్ళతో ఫోన్లో వాదించి, కడకు పిట్ట!

డిష్షు మీద ముళ్ళు కడదామన్నాడు అన్నయ్య. మావయ్యగారు ఒప్పుకోలేదు. అప్పుడు మేత బస్తాలు మోస్తున్న ఒకావిడ ఆగి, బస్తా దింపి, మాట అందుకుంది. ఆవిడది అక్కడి ఊరే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కొల్లేరులోనే ఉందట.

"దాన్ని తోలితే పోదండి బాబూ. ఆటికి ఎప్పుడూ అందరికన్నా ఎత్తు కావాలండి. ఆ పక్కనే ఇంకాస్త పొడుగు వెదురు పాతండి. అదే ఎక్కుద్ది."

మావయ్యగారు లేచి నిలబడి, ఆవిడకు చేతులు జోడించారట. "ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కానమ్మా, నాకు తట్టలేదు" అన్నారట. ఇదంతా తర్వాత అన్నయ్య చెప్పాడు.

షెడ్డులోనే పొడుగాటి వెదురుబొంగు దొరికింది. డిష్షుకు నాలుగు బారల అవతల పాతారు. పైన కూర్చోడానికి వీలుగా అడ్డకర్ర ఒకటి కట్టమని ఆవిడే చెప్పింది. నేను ఇటు గట్టున అంకె మీదనుంచి కళ్ళు తీయలేదు. పావుగంట, అరగంట.

"ఎంతమ్మా?"

"ఎనభై మూడండీ."

"ఇప్పుడు?"

"ఎనభై రెండు. పిట్ట రాలేదా మావయ్యగారూ?"

"వచ్చి చాలాసేపైంది. వెదురు మీద రెక్కలారేసుకుంటోంది. నీకు చెప్పకుండా ఊరికే పరీక్ష చేశాను."

నేను అరిచిన అరుపుకు ఇటు గట్టున కొంగలు లేచిపోయాయి.

"ఉండమ్మా, ఫోన్ పెట్టేయకు. ఇంకొక్కటి చూద్దాం" అన్నారాయన. తన ఫోన్లో ఆ పక్షిని వీడియో తీశారట. దాన్ని చెరువు మీంచి నాకు పంపాలట. వీడియో తీయడం ఆయనకు అదే మొదలు. పంపడమూ అదే మొదలు. ఎక్కడ నొక్కాలో నేను ఫోన్లో ఒక్కొక్కటే చెప్పాను. అటుపక్క ఆవిడా, అన్నయ్యా కూడా సలహాలిస్తున్నారు.

"నొక్కుతున్నానమ్మా. నువ్వు లెక్కపెట్టు."

"ఒకటి" అన్నాను. "రెండు" అన్నాను. మూడు అనేలోపు నా ముందు తెర మీద నల్లటి నీటికాకి రెక్కలు విప్పుకుని నిలబడింది. బొమ్మ కొంచెం వణుకుతోంది. పక్కనుంచి మావయ్యగారి గొంతు, పిట్ట బెదరకుండా గుసగుసగా, "కదలకు తల్లీ, కదలకు" అంటోంది.